దొర పుస్తకానికి పసుపు బొట్లు

"అమ్మమ్మా, ఈ బుక్‌కి నాలుగు కార్నర్స్‌లో ఎల్లో ఏంటి? ఆన్‌లైన్‌లో చూశా, ఇది కలెక్టర్స్ ఐటమ్."

ఎవరడగమన్నారే నిన్ను? మీ అమ్మా? అమ్మేద్దామనేనా? నిజం చెప్పు. సర్లే, కూర్చో. పేజీలు అలా గబగబా తిప్పకు, బొమ్మల మీద పల్చటి కాగితాలున్నాయ్, చిరుగుతాయ్. వెనకటి శుభలేఖల్లో ఉండేవి అలాంటివి. నువ్వెక్కడ చూశావులే.

అది స్కాట్లాండు పల్లెటూళ్ళ కథల పుస్తకం. గొర్రెలూ, రాతి గోడలూ, దుంపలు తవ్వే ఆడాళ్ళూ, అన్నీ చేత్తో గీసిన బొమ్మలు. కొన్నే అచ్చేశారట, ప్రతిదానికీ ఓ నంబరు. మీ తాతయ్య ఆఫీసులో పెద్దాయనది. ఇంగ్లీషు దొర అంటే ఒప్పుకునేవాడు కాదు, స్కాట్లాండు అని దిద్దేవాడు.

అప్పుడు కంప్యూటర్లవాళ్ళకి భలే గిరాకీ. హైదరాబాదులో కోర్సు చేసినవాడల్లా విమానమెక్కేవాడు. మేమూ ఇలా సింగపూరొచ్చాం. టాంపినీస్‌లో ఒకే ఫ్లాటులో రెండు కాపురాలు, మేమూ, రమణి వాళ్ళూ. రమణిది తెనాలి... కాదు కాదు, తెనాలి అత్తగారిది, ఆమెది రేపల్లె. ఒకటే వంటిల్లు, ఒకటే పూజ అర. ములక్కాడలు కావాలంటే లిటిల్ ఇండియా దాకా బస్సులో పడి పోవాలి, వాటి ధర వింటే తినబుద్ధి అయ్యేది కాదు. ఆఁ, ఏం చెప్తున్నా?

ఇద్దరి మొగుళ్ళూ ఆ దొర కిందే. ఆయన రెండు నెలలు ఊరెళ్తూ ఈ పుస్తకం మీ తాతయ్య చేతిలో పెట్టాడు. వాళ్ళమ్మదంట, తేమ తగలకూడదు, వచ్చేదాకా దాచమని. నాకప్పుడే అనుమానం. ఇద్దర్లో ఒకరికే ఇక్కడ ఉద్యోగం చేసుకునే పాసు పొడిగిస్తారని ఆఫీసులో గుసగుసలు మరి. పరీక్ష పెడుతున్నాడా ఏంటి ఈయన? సూట్‌కేసులో చీరల మధ్య పెట్టా. రమణి అటు నడిస్తే చాలు, మా గది వైపు చూస్తోందా అని కనిపెడుతుండేదాన్ని.

దసరాల్లో సరస్వతీ పూజ వచ్చింది. నేనేమో బయటున్నా, పూజ అర ముట్టకూడదు. రెండిళ్ళ పూజా రమణే చేసింది. కంప్యూటర్ పుస్తకాలు ఇచ్చెయ్యండని మీ తాతయ్యకి చెప్పా. ఆమె ఏమందో తెలుసా? "దొరగారి పుస్తకం కూడా ఇవ్వండన్నయ్యగారూ" అందంట. ఈ మహానుభావుడు తీసిచ్చాడు, పూజయ్యాక మళ్ళీ అక్కడే పెట్టేశాడు, నాకొక్క మాటన్నా చెప్పకుండా.

నాలుగో రోజు తలంటుకుని సూట్‌కేసు తెరిస్తే, గుడ్డ అట్ట, నాలుగు మూలలా పసుపు! తడిగుడ్డతో తుడిస్తే ఇంకా పాకింది. ఇదిగో, ఈ పెద్ద మరక నా తుడుపే.

మీ తాతయ్య అప్పుడు చెప్పాడు సంగతి. వెళ్ళి రమణిని నిలేశా. "నువ్వే అడిగి తీసుకున్నావంటగా?" "అవునక్కా, నేనే. అన్నయ్యగారికి..." అంది. మాట పూర్తి కానిస్తేగా! పూజ వంకతో మా పొట్ట కొట్టావన్నా, నీ మొగుడికి పాసు రావాలని చేశావన్నా. ఆమె చేతులకి చపాతీ పిండి అలాగే ఉంది. ఏడవలేదు. స్టవ్ కట్టేసి గదిలోకెళ్ళిపోయింది. వారానికల్లా ఊరికి ఆ చివర క్లెమెంటీలో గది చూసుకున్నారు. వెళ్తూ వెళ్తూ నా ఇడ్లీ రేకులు కూడా తోమి బోర్లించింది. అది చూసి కూడా నేను, చూశావా, తప్పు చేసింది కనకే ఈ మంచితనం అనుకున్నా.

దొర వచ్చాడు. మీ తాతయ్య పుస్తకం ఇచ్చాడు. ఆయన పసుపు మీద వేలు పెట్టి ఇదేంటన్నాడు. మా చదువుల తల్లి పండగండీ, విలువైన పుస్తకాలకి ఇలా పెడతాం అన్నాడు మీ తాతయ్య. ఆయన పేజీలు తిప్పాడంట. అదిగో, ఆ రొట్టెలు కాల్చే ముసలామె బొమ్మ, అక్కడ ఓ చీటీ. రమణి రాత. గుళ్ళో అర్చనకి రాసిస్తాం చూడు, గోత్రనామాలు, అలాంటిది. దొర చదవమన్నాడు. మా గోత్రం, మీ తాతయ్య పేరు, నా పేరు, మీ అమ్మ పేరు. ఆ కింద వాళ్ళవి. ముందు మావి రాసింది, విన్నావా?

దొర పుస్తకం మూసి, ఇది మీ ఇంట్లోనే ఉండాలి అని మీ తాతయ్యకే ఇచ్చేశాడు. పాసు మీ తాతయ్యకొచ్చింది. రమణి మొగుడికి రాలేదు.

ఆ సాయంత్రమే క్లెమెంటీ వెళ్దామన్నాడు మీ తాతయ్య. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? ఆదివారం చూద్దాంలే అన్నా. ఆదివారం వెళ్తే గది ఖాళీ. ఎంత సిగ్గుపడ్డానో, ఇప్పటికీ చపాతీ పిండి కలిపితే ఆ చేతులే గుర్తొస్తాయ్.

నువ్వు ఆ ఆన్‌లైన్‌లో పుస్తకాలు వెతికావుగా, మనుషుల్ని కూడా వెతకొచ్చా? రమణి. రేపల్లె. ఇంటిపేరా... ఇంటిపేరు తెలీదే. ఏనాడూ అడగలేదు. మా గోత్రం మాత్రం ఆమె ఎప్పుడడిగి తెలుసుకుందో.

పోన్లే. ఇటు రా, తల దగ్గరికి తీసుకురా. చల్లగా ఉండు తల్లీ. అన్నీ నా పోలికే వచ్చినా ఫర్వాలేదు, ఈ బుద్ధి మాత్రం నీకు రాకూడదు. ఆ చీటీ ఎక్కడుంటే అక్కడే ఉంచు. అదే పేజీలో...