శ్రీనివాసులు కోసం బస్సెక్కిన కంపెనీ దొర

ఆళ్లగడ్డ బస్టాండు ఎదురుగా అంకమ్మ టీ అంగడి, దాన్ని ఆనుకొని శ్రీనివాసులు సెల్‌ఫోన్ల షాపు. షాపులో గిరాకీ కాస్త పలచబడితే చాలు, శ్రీనివాసులు టీ అంగడి బల్ల మీద తేలతాడు. బల్ల మీద కూర్చుంటే చాలు, నోరు తెరుస్తాడు. ఒకసారి తెరిచాడంటే మూయించడం అంకమ్మ వల్ల కూడా కాదు.

కోతలరాయుడే గానీ పనిమంతుడు. నంద్యాల నుంచి వచ్చే బస్సు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే యాప్ ఒకటి సొంతంగా తయారు చేశాడు. మంచి యాపే. అయితే దాన్ని జనం ఫోన్లలోకి పంపాలంటే ఫోన్ కంపెనీ నడిపే డెవలపర్ల ప్రోగ్రాంలో చేరాలి. అందులోకి ఎవరిని పడితే వాళ్లను రానివ్వరు. కనీసం ఇరవై మంది తమ ఫోన్లలో యాప్‌ను వాడి చూసి బాగుందని చెప్పాలి, ఆ పైన కంపెనీకి నమ్మకం కుదరాలి. శ్రీనివాసులు అరవై మంది చేత చెప్పించాడు. అయినా ఉగాది పోయి వినాయక చవితి వచ్చినా ‘మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది’ అన్న ముక్క తప్ప జవాబు లేదు. ఈ శనివారంతో చేర్చుకోవడం ఆపేస్తారట. రోజూ షాపు మూసేటప్పుడు లోలోపల ఆ కంపెనీని తిట్టిపోస్తాడు. ఊళ్లో మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు, నామోషీ.

ఆ గురువారం మధ్యాహ్నం ఆటో జకరయ్య ఒక అమ్మాయిని వెంటబెట్టుకొని బల్ల దగ్గరికి వచ్చాడు.

“మా అన్న కూతురప్పా, ప్రవళిక. నంద్యాలలో ఉంటాది. వరికోత మిషన్లు ఏ ఊర్లో ఉండాయో చూపించే యాప్ చేసింది. ఈ పిల్లను ఫోన్ కంపెనీ ప్రోగ్రాంలోకి రానీలేదంట. నువ్వు చేరినావా?”

లేదంటే సరిపోయేది. కానీ చదువుకున్న పిల్ల ముందు, అదీ అంకమ్మ వింటుండగా, లేదనడానికి శ్రీనివాసులుకు నోరు రాలేదు.

“చేరకేం. ఒక్క మెసేజ్ పెట్టినా, అంతే. ‘ఏమయ్యా, దేశం మొత్తానికి పిడికెడు మందిని లోపలికి పిలిచి మిగతావాళ్లను వాకిట్లో నిలబెడతారా, మేం చేసిన యాపులు ఏం చేసుకోవాల, ఉప్పేసి ఊరబెట్టుకోవాల్నా’ అని.”

మెసేజ్ మాట వరకు నిజమే. మెసేజ్ పెట్టాడు, అందులో ఉప్పు మాట కూడా ఉంది. జవాబు మాత్రం యంత్రం పంపింది.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? టీ గ్లాసు కింద పెట్టేలోపల ఫోన్ మోగింది. ఎవరనుకున్నావ్, కంపెనీ దొర. ‘శ్రీనివాసులు గారూ, తప్పైపోయింది, నేనే వస్తాండా, ఆళ్లగడ్డ యాడుంటాది’ అన్నాడు. నంద్యాల దాకా రైల్లో రా, ఆడ దిగి ఎర్రబస్సెక్కు అని చెప్పినా.”

“సొంత విమానం ఉంటాది గదప్పా ఆయనకు?” అన్నాడు జకరయ్య.

“ఉంటాది. యాడ దించుతాడు, నీ ఆటో మీద దించుతాడా? మాట అడ్డం రావద్దు. నంద్యాల బస్టాండుకు వచ్చినాడు. బస్సు కిక్కిరిసి ఉండాది. మనోళ్లు కిటికీలోంచి తువ్వాల వేసి సీట్లు పట్టుకుంటాండారు. ఆయన చూసినాడు. తువ్వాల లేదు పాపం. మెడలో టై ఊడదీసి కిటికీలోంచి విసిరినాడు. మన ఊరికే వచ్చే పెద్దమ్మ ఒకామె ఆ టైని ఇట్లా రెండు వేళ్లతో పట్టి బయట పారేసి కూర్చుంది. ఆళ్లగడ్డ దాకా నిలబడే వచ్చినాడు మనిషి.”

అంకమ్మ నవ్వుతూ పాలల్లో గరిటె తిప్పింది. ప్రవళిక నవ్వలేదు. శ్రద్ధగా వింటోంది. ఆ శ్రద్ధ చూసేసరికి శ్రీనివాసులుకు ఊపు వచ్చేసింది.

“ఇదిగో, ఈ బల్ల మీదనే కూర్చోబెట్టినా. అక్కా, నువ్వే టీ ఇచ్చినావ్, మర్చిపోయినావా?”

“నేనా?”

“గిరాకీలో చూసుండవులే. యాప్ తెరిచి చూపించినా. దాని వేగం ఎంతంటే, బస్సు కదలకముందే వచ్చేసినట్టు చూపిస్తాది. ఆ పొద్దు నంద్యాల డిపోలో డ్రైవర్ నా యాప్ చూసుకున్నాడు. ఆళ్లగడ్డ చేరినట్టుంది. ఓహో, చేరినానా అనుకొని కిందికి దిగి, ఇంటికి పోయి, స్నానం చేసి పండుకున్నాడు. బస్సేమో డిపోలోనే ఉండాది, లోపల జనం అట్లనే కూర్చొని ఉండారు.”

“వాళ్లేమైనారు?”

“వాళ్లు గూడా యాప్ చూసుకున్నారు, దిగి ఎవరిండ్లకు వాళ్లు పోయినారు. దొర లేచి నా చేతులు పట్టుకున్నాడు. ‘స్వామీ, మా ప్రోగ్రాంలోకి నువ్వు రావడం గాదు, మా ప్రోగ్రాంనే నీ షాపులోకి తెస్తా’ అన్నాడు. వద్దయ్యా, షాపు ఇరుకు, కవర్లు, చార్జర్లకే చోటు లేదన్నా. వినడే. పైనుండే ఉపగ్రహాన్ని జరిపి నా సిగ్నల్ కోసం పక్కనుండే దొర్నిపాడు మీదికి తెచ్చి నిలబెట్టినాడు. అది ఎంతుంటాదనుకున్నారు? దాని నీడకు మండలం మొత్తం ఎండ తగల్లేదు. కల్లాల్లో వడ్లు ఆరలేదని రైతులు కట్టెలు తీసుకొని నా షాపు మీదికి వచ్చినారు. మళ్లా నేనే ఫోన్ చేసి, రోంత పక్కకు జరుపు సామీ, వడ్లు ఆరల్ల అని చెప్తే, అప్పుడు జరిపినారు. ఈ పొద్దుకు గూడా నేను మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీస్తే చాలు, లోకంలో యాడా కొత్త యాప్ రాదు. నేను లేసేదాకా ఆపుతారు.”

జకరయ్య ఆటో తాళం వేలికి తిప్పుతూ, “మరి మా పాప సంగతి గూడా ఆ దొర చెవిన వెయ్యప్పా” అన్నాడు.

“ఒక్క మాట చాలు. ఏం పాపా, ఇంకేమన్నా అడగల్నా?”

“అడగల్ల అన్నా. మీ పుట్టినరోజు ఎప్పుడు?” అంది ప్రవళిక.

“జూలై పదకొండు. కంపెనీలో ఆ రోజు అందరికీ సెలవు.”

ప్రవళిక అప్పుడు నవ్వింది. “మా అవ్వది గూడా జూలై పదకొండేనంట. మా నాయనది గూడా అదే. చిన్నాయనా, నీదీ అదే. అవ్వకు నలభై ఒక్కేళ్లు, ఆమె కొడుకులిద్దరికీ నలభై ఒక్కేళ్లు.”

“మా అమ్మకూ నాకూ ఒకే వయసా?” అన్నాడు జకరయ్య.

“నా యాప్‌ను చూసిన ఇరవై మందీ ఆళ్లగడ్డలో మావాళ్లే అన్నా. కంపెనీవాళ్లు తిప్పి పంపినారు. ఎందుకని అడుగుతానే ఉన్నా, నిన్నటికి చెప్పినారు. ఇరవై మందీ ఒకే మనిషంట. పొద్దున ఇంటికొచ్చి ఒక్కొక్కరి ఫోన్ తీసి చూసినా. అందరికీ ఈమెయిల్ తెరిచింది మీ షాపులో. అందరిదీ ఒకే పుట్టినరోజు, పాస్‌వర్డ్ మరిచిపోతే కోడ్ వచ్చేదానికి పెట్టిన నంబరు గూడా మీదే. ఊరంతా పేర్లు మార్చుకొని తిరిగే ఒకే మనిషి అనుకున్నారు వాళ్లు.” మెల్లగా అడిగింది. “ఆ నంబరు చూస్తేనే తలుపు మూస్తాండారు. మరి మిమ్మల్నెట్లా రానిచ్చినారన్నా?”

శ్రీనివాసులు టీ గ్లాసు కింద పెట్టి, తన షాపు బోర్డు మీద ఉన్న ఫోన్ నంబరు వైపు చూశాడు.

ఆయన చెడ్డవాడు కాదు. కొత్త ఫోన్ కొన్న ముసలివాళ్లను పుట్టిన తేదీ అడిగితే కుందూ నది పొంగిన ఏడు అంటారు, ఇంకా అడిగితే కోప్పడతారు. వెనక గిరాకీ నిలబడి ఉంటుంది. అందుకని చేతికి అలవాటైన తన తేదీ కొట్టేసి, రేపు పాస్‌వర్డ్ మరిచిపోతే తన దగ్గరికే వస్తారు కదా అని తన నంబరే పెట్టేవాడు. ఏళ్ల తరబడి అదే పద్ధతి. తాను పోగుచేసిన అరవై మందీ ఆ పద్ధతిలో పుట్టినవాళ్లేనని ఇప్పుడు వెలిగింది. ఇన్ని నెలలు ఎవరినైతే తిట్టిపోశాడో వాళ్లు తలుపు మూసింది తన మొహం మీదే, మూయించింది కూడా తనే.

అయినా పుట్టుకతో వచ్చింది ఎక్కడికి పోతుంది. గొంతు సవరించుకొని, “అంటే కంపెనీ లెక్కలో ఆళ్లగడ్డంటే నేనేనన్న మాట” అన్నాడు.

“ఆ, అందుకే ఆళ్లగడ్డను మొత్తం వాకిట్లో నిలబెట్టినారు” అన్నాడు జకరయ్య.

అంకమ్మ పగలబడి నవ్వింది, కొంగుతో కళ్లు తుడుచుకొని మళ్లీ నవ్వింది.  శ్రీనివాసులుకు కూడా నవ్వు ఆగలేదు.

“చేరలేదు పాపా” అన్నాడు చివరికి. “ఉగాది నుంచి నేనూ వాకిట్లోనే ఉండా.”

“శనివారం దాకా టైముంది గదన్నా, అందరి తేదీలు, నంబర్లు సరిచేద్దాం. కోడ్లు మీ ఫోన్‌కే వస్తాయి కాబట్టి మీరు కూర్చుంటేనే పని అయితాది. ముందు నా ఇరవై మంది, తర్వాత మీ అరవై మంది. నేనూ కూర్చుంటా.”

శ్రీనివాసులు లేచి షాపులోంచి కుర్చీలు తెచ్చి బయట వేశాడు. జకరయ్య తన అమ్మను, అన్నను ఎక్కించుకొని రావడానికి ఆటో తీశాడు. అందరికన్నా ముందు అంకమ్మ చెయ్యి తుడుచుకొని తన ఫోన్ తెచ్చి శ్రీనివాసులు చేతిలో పెట్టింది.

“నువ్వు ఏ ఏడాది పుట్టినావక్కా?” అన్నాడు శ్రీనివాసులు, కళ్లద్దాలు సర్దుకుంటూ. “తేదీ కరెక్టుగా చెప్పు. ఈసారి తప్పు రాకూడదు.”

“మా అమ్మకే తెలీదు, నాకేం తెలుస్తాదప్పా?”

“మరి ఏ తేదీ వెయ్యల్ల?”

“నీది గాకుండా ఏదైనా వెయ్యి” అంది అంకమ్మ.