మొదట అంటుకున్నది

ఆసుపత్రులకు ఆక్సిజన్ సిలిండర్లు పంపే కంపెనీ. ఉదయం తొమ్మిదిన్నర వేళ, రెండో అంతస్తు సర్వర్ గదిలో తోడికోడళ్ళిద్దరే ఉన్నారు. పెద్దామె పదేళ్ళుగా ఆ గది తాళాలు మోస్తోంది. చిన్నామె మూడు నెలల కిందట ఆమెకే మేనేజరైంది.

"లాగెయ్యక్కా, ఆలోచించకు! ఆ నీలం కేబుల్ కూడా!"

"లాగుతున్నా. మేనేజర్ గారూ, అరవకుండా ఆ టార్చి కాస్త ఇటు వెయ్యండి."

"గారూ గీరూ ఇప్పుడెందుకక్కా?"

"ఆఫీసులో మర్యాద మర్యాదే కదా. ఇదిగో, పీకేశా. మూడో అంతస్తు తెగిపోయింది."

"డిస్పాచ్?"

"దాని స్విచ్ వేరే."

"అదీ తీసెయ్."

"తీసేస్తే లారీలు ఎటు పోవాలో ఎవరికీ తెలీదు. ఏ ఆసుపత్రికి ఎన్ని సిలిండర్లో అంతా అందులోనే ఉంది."

"తియ్యకపోతే ఈ వైరస్ ఆ జాబితాకే తాళం వేస్తుంది. ఎన్ని సిస్టమ్‌లు పోయాయి ఇప్పటికి?"

"నలభై ఒకటి. అన్నిటిమీదా అదే ఎర్ర తెర. ఫైళ్ళకి తాళం వేశాం, డబ్బు కడితేనే తీస్తాం అని. ఉండు, డిస్పాచ్ కూడా తీసేశా."

"ఎవరూ కరెంటు ఆపకూడదని చెప్పావా? ఆపితే ఆధారాలు పోతాయి, కేబుల్ తీసి వదిలెయ్యాలంతే."

"మైకులో మూడుసార్లు చెప్పా. ఆ సంగతి నువ్వు ఇక్కడ చేరకముందు నుంచే నాకు తెలుసు."

"తెలీదన్నానా?"

"అడగడంలోనే అన్నావు."

"అబ్బా, అక్కా! బ్యాకప్ పెట్టె సంగతి చెప్పు ముందు."

"మొట్టమొదట దాన్నే విడదీశా. నీ ఫోను రాకముందే. నిన్న సాయంత్రం దాకా డిస్పాచ్ జాబితా మొత్తం భద్రంగా ఉంది."

"నీ నోట్లో చక్కెర పొయ్య! అయినా నా ఫోను రాకముందే నీకెలా తెలిసింది?"

"తెలిసింది. పదేళ్ళుగా ఇక్కడే పడున్నా కదా. అటు జరుగు. నా పాత ల్యాప్‌టాప్ ఉంది, ఏనాడూ నెట్‌వర్క్ మొహం చూళ్ళేదది. దానికి పెట్టె తగిలించి జాబితా ప్రింటు తీస్తా. కాగితాలు పట్టుకుని డిస్పాచ్ పెద్దాయన లారీలు పంపుకుంటాడు."

"పిల్లల ఆసుపత్రి లారీ ముందు. వాళ్ళ దగ్గర మధ్యాహ్నం దాకే ఉంది సరుకు."

"తెలుసమ్మా తెలుసు. అన్నీ నువ్వే చెప్పాలా?"

"నామీద కోపం తర్వాత చూపించుకో."

"కోపమెందుకు నాకు? నిన్నిక్కడ చేర్పించిందెవరు?"

"నువ్వే."

"ఏ తీగ ఎటు పోతుందో వేలు పెట్టి చూపించిందెవరు?"

"నువ్వేనక్కా."

"కుర్చీ ఎవరికొచ్చింది?"

"అడిగి తెచ్చుకున్నానా నేను?"

"అడక్కుండానే వచ్చింది. అదే మండుతోంది. మొన్న అత్తయ్య ఏమందో తెలుసా? 'చిన్నదానికి ఇంక ఇంటిపని చెప్పకే, పెద్ద హోదాలో ఉంది' అంది. పదేళ్ళలో నాకొక్కరోజు ఆ మాట అనలేదావిడ."

"నాతో ఏమంటుందో తెలుసా? 'పెద్దది చెయ్యి పెడితేగానీ ఈ ఇంట్లో ఏదీ తెమలదు' అంటుంది. ఇక మీ మరిది సరేసరి. నేనేం చేసినా, 'వదినైతే ఎలా చేసుండేదో' అంటాడు."

"నాతో ఎప్పుడూ అనలేదే!"

"నీతో ఎందుకంటారు? నాతోనే అంటారు."

అరగంటలో కాగితాలు కిందికి వెళ్ళాయి. కొత్తగా ఏ సిస్టమూ ఎర్రబడలేదు.

"అక్కా, లారీ గేటు దాటింది. పెద్దాయన ఫోన్ చేశాడు."

"హమ్మయ్య."

"నలభై ఒకటి దగ్గర ఆగింది. ఇప్పుడు మొదట అంటుకున్నది ఏదో చూద్దాం. సర్వర్ లాగ్ తెరువు, ఏది ఎన్నింటికి పోయిందో అందులో ఉంటుంది."

"ఇప్పుడెందుకులే. బయటినుంచి నిపుణులు వస్తున్నారుగా, వాళ్ళు చూసుకుంటారు."

"వాళ్ళొచ్చేసరికి ఎటునుంచి దూరిందో మనకి తెలియాలి. తెరువు."

"కాసేపు కూర్చో. పొద్దున్నించీ నిలబడే ఉన్నావు."

"అక్కా."

"తెరిచా. నువ్వే చూసుకో."

"ఎనిమిదీ నలభై రెండు... ఈ నంబరు... ఇది నా సిస్టమ్."

"ఊ."

"అందుకే అంత వేగంగా పాకింది. నా పాస్‌వర్డుకి అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. 'మీ ప్రమోషన్ ఉత్తర్వు జతచేశాం' అని మెయిల్. దానికి తగిలించిన ఫైలు తెరుచుకుంది."

"ఊ."

"ఊ ఏంటక్కా, ఊ?"

"ఏమనమంటావు? ఎవరి సిస్టమ్‌కి వాళ్ళదే పూచీ. ఆ రూలు పెట్టిందీ నువ్వే, మా అందరిచేతా సంతకాలు పెట్టించుకుందీ నువ్వే."

"అవును. నావల్లే."

"నువ్వు... తెరిచావా?"

"నావల్లే అంటున్నాగా. అదిగో, డైరెక్టర్ గారి ఫోను. చెప్పేస్తా. మేనేజర్ పని నాకొద్దు, వేరేవాళ్ళకివ్వమని కూడా చెప్పేస్తా."

"ఇలా ఇవ్వు."

"ఎందుకు?"

"ఇవ్వమన్నానా! ... నమస్తే సార్, సర్వర్ గదినుంచి మాట్లాడుతున్నా. ఆగింది సార్. పిల్లల ఆసుపత్రి లారీ వెళ్ళింది... మొదట ఎక్కడంటే, మేనేజర్ గారి సిస్టమ్ సార్... కాదు సార్, వినండి. ఆవిడ అప్పుడు సీట్లో లేదు. ఆ కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచింది నేను... పనేంలేదు సార్. ఆవిడ ఇంకా ఎంత పైకి పోతోందో చూద్దామని... అవును సార్, అందుకే... సరే సార్. సాయంత్రంలోగా రాసిస్తా."

పెద్దామె ఫోను బల్లమీద పెట్టింది. చిన్నామె ఆమె వైపే చూస్తోంది.

"అలా చూడకు. తిట్టదలుచుకుంటే తిట్టు."

"ఎందుకు చెప్పావక్కా? నేను ఒప్పుకుంటున్నానుగా."

"నువ్వు ఒప్పుకుంటుంటే నాకెంత హాయిగా ఉందో తెలుసా? ఒంటిమీద చల్లనీళ్ళు పోసినట్టుంది. కుర్చీ ఖాళీ అయిపోయినట్టే అనుకున్నా. ఆ హాయికే భయమేసింది. ఒక తెర చూసి కడుపు మండించుకున్నందుకు, ఎక్కడో పసిపిల్లలకి ఊపిరాడకుండా పోయేది. ఇంకా అందులో నీ ఉద్యోగం కూడా వేసి కాల్చుకోనా?"

"అక్కా..."

"నీది అసలు తప్పు లేదని కాదు. టీకి వెళ్ళేదానివి తెరకి తాళం వేసుకుని పోవద్దూ? గ్లాసు నీళ్ళకి లేచినా వేస్తావే! ఇవాళే ఎలా మర్చిపోయావో నాకర్థం కాదు."

"మర్చిపోలేదక్కా. అది దొంగ మెయిలని చూడగానే తెలిసింది నాకు. పైనున్న ఆ ప్రమోషన్ ముక్క ఒక్కటీ చదివి నువ్వు కుళ్ళుకోవాలని, కావాలనే అలా పెట్టి లేచి వెళ్ళా."