పడని వాన

తొంభైల మొదట్లో ఒక ఆరుద్ర కార్తె. టేకులపల్లి దాటాక అడవి అంచున ఫారెస్టు బంగళా. దాని వెనక ముళ్లకంచె మధ్య వాన కొలిచే రెయిన్‌గేజి. తెల్లవారగానే జీపు దిగి, బంగళాలో పాత లెక్కల పుస్తకాలన్నీ తిరగేసిన వాతావరణ ఆఫీసు మేడమ్, గేజి కొలిచే లాల్‌సింగ్‌తో అక్కడికి వచ్చేసరికి పొద్దు బారెడెక్కింది.

"మే నెలలో నువ్వు వాన కొలిచిన రోజుల్లో ఉరిమిందా?"

"లేదు మేడమ్."

"మెరిసిందా?"

"లేదు."

"కనీసం మబ్బన్నా పట్టిందా లాల్‌సింగ్?"

"మే నెలల మబ్బెక్కడిది మేడమ్. కాకులు గూడ నోర్లు తెర్సుకోని కూసున్నయి."

"నేల తడిసిందా?"

"తడవలే."

"మరి సీసాలో నీళ్లు?"

"ఉన్నయి."

"ఉన్నాయా!"

"ఉన్నయి మేడమ్. పొద్దుగాల వచ్చి గరాటు తీసి సూస్తే సీసా అడుగున ఉండేటియి. గ్లాసుల పోసి కొలిచిన. వైర్‌లెస్సుల చెప్పిన. ఏం, మీ హైదరాబాద్ ఆఫీసుకు అందలేదా?"

"అందబట్టే వచ్చాను. కొత్తగూడెంలో చుక్క లేదు. వైరాలో లేదు. ఇల్లందులో లేదు. మే నెలంతా ఈ ఒక్క గేజిలోనే వాన పడింది."

"అడివి గద మేడమ్. అడివి మీద వాన వేరే ఉంటది."

"నేనూ అట్లాగే అనుకున్నాను. ఉరుమూ మెరుపూ లేకుండా, నేల తడవకుండా పడే వాన ఉంటుందనుకోలేదు. నేల పొడిగా ఉంటే నీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది."

"వస్తే?"

"శాన ఏండ్ల కింద ఒకపాలి రాసిన. 'నేల పొడిగ ఉన్నది, సీసాల నీళ్లున్నయి' అని. అప్పటి సారు వచ్చి గరం అయ్యిండు. 'సీసాల ఉన్నది కొలువు, కొలిచింది చెప్పు. నీ తెలివి నిన్నెవడు అడిగిండు' అన్నడు. గప్పటి సంది నా తెలివి ఇంట్ల పెట్టి వస్తున్న."

"లాల్‌సింగ్..."

"తప్పేమన్న చేసిన్నా మేడమ్? ఉన్నది ఉన్నట్టే చెప్పిన గద."

"తప్పు నీది కాదు."

"ఒక్క మాట అడుగుత, కోపం చేసుకోరు గద? పోయిన నెల రేడియోల చెప్పిండ్రు. ఈ ఎండాకాలం ఎండలు ముదురుతయి, గని జల్దీ విరుగుతయి, మిరుగు కార్తె రాంగనే వానలు పడతయి అని. నెల ముందుగాల్నే చెప్పిండ్రు. గది రాసింది మీరేనంట గద."

"నీకెవరు చెప్పారు?"

"మీ డ్రైవర్."

"అవును. నేనే రాశాను."

"అబ్బ! గదే నేను తండాల చెప్పిన మేడమ్! రేడియోల మన తండా పేరు రాలే గని, మన వాన వచ్చింది, నేను కొలిచిన వానే హైదరాబాద్ పోయి తిరిగి రేడియోల వచ్చింది అని. ఇల్లిల్లు తిరిగి చెప్పిన. మా తండా పెద్ద దేవ్లా నాయక్ అయితే నా భుజం తట్టిండు. మా నాయక్ ఊకె ఎవ్వరి భుజం తట్టడు."

"తర్వాత?"

"తర్వాతేంది. దుక్కి పొడిగ ఉండంగనే విత్తనం ఏసినం. వాన ముందుగాల వస్తదంటే పొడి దుక్కిల ఏస్తె మొలక జల్దీ లేస్తది గద. తండా అంత ఏసిండ్రు. జొన్న, పెసర, కంది."

"మొలిచాయా?"

"ఏడ మొలుస్తయి. పెనం మీద ఏయించినట్టు ఏగినయి. తీసి చేతిల పట్టుకుంటే పొట్టు ఊడొచ్చింది. మా ఇంటిది హేమ్లి ఏమంటదో తెలుసా? 'నీ రేడియోను గూడ పాతిపెట్టు, గదన్న మొలుస్తదేమో' అంటది. నవ్వుండ్రి మేడమ్. అందరు నవ్వుతుండ్రు. తండాల నన్ను లాల్‌సింగ్ అంటలేరు ఇప్పుడు. వాన సింగ్ అంటుండ్రు."

"నాకు నవ్వు రావడం లేదు లాల్‌సింగ్. ఏంటా చప్పుడు?"

"ఏ చప్పుడు? ఓ గదా? నగారా. మా తండాల కొడుతుండ్రు."

"ఇంత పొద్దునే?"

"ఎవరింట్లనో పెండ్లి మాటలు గిట్ల ఉన్నయేమో. నేను తెల్లారకముందే వచ్చి గేటుకాడ నిలబడ్డ, మీరొస్తరని. నాకేం ఎరుక. గది వదిలెయ్యుండ్రి. నేను అడగాల్సింది అడగనియ్యుండ్రి."

"అడుగు."

"దేవ్లా నాయక్ ఇంట్ల పెద్ద గుమ్మి ఉన్నది. తండా మొత్తానికి మిగిలిన జొన్నలు గందులనే ఉన్నయి. అందరం కలిపి పోసినం. చల్లుకుంటే విత్తనం, దంచుకుంటే తిండి. రెండు కావు. మీరొస్తుండ్రని వైర్‌లెస్సుల తెల్వంగనే నాయక్ నన్ను పిలిసి, 'మేడమ్‌ను అడిగి రా. చల్లమంటే చల్లుదం, వద్దంటే తిందం. నీ మాట వచ్చేదాక గుమ్మి మూత తియ్యను' అన్నడు."

"నా మాట మీదా?"

"మీ మాట మీదనే. ఇంకెవ్వరి మాట మీద?"

"ఒకసారి చేతులు కాల్చుకున్నారు కదయ్యా నా మాట విని!"

"అవ్. గని వేరే ఎవ్వరు ఏ మాట చెప్పలే గద మేడమ్. చెప్పుండ్రి. చల్లాల్నా, తినాల్నా?"

"ముందు ఆ నీళ్ల సంగతి తేలాలి. అది తేలకుండా నేనేం చెప్పినా... ఎవరో వస్తున్నారు చూడు. ఆ పెద్దామే కదూ? తెల్లవారగానే తండాలో జీపు ఆపి గేజి ఎక్కడా అని అడిగితే, గబగబా చెంబు తెచ్చి నా కాళ్ల మీద నీళ్లు పోసింది. వద్దన్నా వినలేదు."

"మా యాడి మేడమ్. అంటే మా అమ్మ. ద్వాలి. వయసు మీద పడ్డది, ఏమనుకోకుండ్రి. యాడీ! ఏందే, ఎందుకొచ్చినవ్? గా చెంబేంది?"

"నీళ్లురా. కండ్లు కనపడ్తలేవా?"

"నీళ్లని కనపడ్తనే ఉన్నది. ఏడికి తెస్తున్నవ్?"

"జరుగు. ఇయ్యాల పొద్దుగాలనే గరాటుల పొయ్యాలె."

"ఎందుల?"

"గీ రాగి గరాటుల. కొత్తగ అడుగుతవేందిరా. ఏటా పోస్త గద."

"యాడీ!"

"అరవకు. గీ పట్నం బిడ్డ బెదురుతది."

"అమ్మా, ఒక్క నిమిషం. ఇట్లా కూర్చో. మే నెలలో కూడా పోశావా?"

"పోసిన బిడ్డా. పొద్దుగూకంగ వాగుకాడికి పోయి, చెలిమల ఊరిన నీళ్లు తోడుకొస్త. వచ్చేటప్పుడు ఒక్క దోసెడు ఈడ పోస్త. ఎక్కువ పొయ్య. నీళ్లు ఏడున్నయి ఎక్కువ పొయ్యనీకె?"

"నాకెందుకు చెప్పలే యాడీ?"

"నువ్వు అడిగితివా? పొద్దుగూకితే ఇంట్ల రేడియో చెవుకు పెట్టుకోని కూసుంటవ్. నీకు నా మాట ఎప్పుడు ఇనపడాలె?"

"ఎందుకు పోస్తున్నావమ్మా? ఎవరు పొయ్యమన్నారు?"

"మీ సర్కారు మనిషే."

"ఎవరు?"

"దీన్ని పాతిపెట్టిన సారు. తెల్ల టోపీ పెట్టుకునేటోడు. వీడు అప్పుడు నా సంకల ఉన్నడు. నేనడిగిన, గిదేంది సారూ అని. 'ఇందుల నీళ్లు పడితే ఈడ వాన పడ్డదని పుణెల ఉన్న పెద్ద ఆఫీసుకు ఎరుకైతది' అన్నడు. గా ఏడు వాన రాలే. ఆవులు పడిపోతున్నయి. నాకు బుద్ధి పుట్టింది. ఈడ నీళ్లు పోస్తె ఆడ పెద్దోళ్లకు ఎరుకైతదంటే, మన నోరెండిన సంగతి గూడ ఎరుకైతది గద అని. దోసెడు పోసి మొక్కిన. మల్ల దినం గూడ పోసిన. కొన్ని దినాలకు వాన పడ్డది."

"అప్పట్నించి ఏటా పోస్తున్నావా?"

"వాన పడేదాక పోస్త. పడంగనే బంద్ చేస్త. ఒక్క ఏడు గూడ తప్పలే బిడ్డా. నేను పోసుడు ముందు, వాన ఎనక. ఎన్నడన్న తప్పిందా అడుగు వీణ్ణి."

"ఏ కార్తెలో మొదలుపెడతావ్?"

"ఎండను బట్టి. మామూలుగ రోహిణిల. ఈ ఏడు ఎండలు గట్టిగ కొట్టినయి గద. మేకలు నిలబడ్డకాడనే కూలబడ్డయి. తట్టుకోలేక కృత్తికలనే మొదలుపెట్టిన."

"అయ్యో..."

"ఏంది మేడమ్? ముఖం గట్ల పెట్టిండ్రు?"

"లాల్‌సింగ్, నేను చేసిన పనేంటో తెలుసా? ఇరవై ఏళ్ల ఎండలూ వానలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. వానాకాలం ఎప్పుడొస్తుందో ముందే చెప్పే గుర్తు ఏదైనా ఉందా అని వెతికాను. మిగతా ఏ ఊళ్లోనూ దొరకలేదు. మీ ఊళ్లో దొరికింది. ముందు ఈ గేజిలో నాలుగు చినుకులు. ఆ వెనక అసలు వాన. ఏటా అంతే. ఒక్క ఏడూ తప్పలేదు. మా ఆఫీసులో అందరూ నన్ను మెచ్చుకున్నారు."

"అంటే..."

"ఈ ఏడు ఆ చినుకులు కృత్తికలోనే కనిపించాయి. అందుకని వాన కూడా ముందే వస్తుందని రాశాను."

"మా యాడి పోసిన నీళ్లు చూసి..."

"ఎండ ఎంత మండితే మీ అమ్మ అంత ముందు పోస్తుంది. ఆమె ఎంత ముందు పోస్తే నేను వాన అంత ముందు వస్తుందని చెప్తాను. మీరు నా మాట విని చల్లుతారు. ఆ మండే ఎండలోనే."

"యాడీ, ఇన్నవా? నీ దోసెడు నీళ్లు ఏం చేసినయో ఇన్నవా?"

"ఇన్న. నేను పోసినట్టు హైదరాబాద్ దాక ఎరుకైందన్నట్టే గద. నేను చెప్తనే ఉన్న."

"గట్ల కాదే!"

"మరెట్ల? నీళ్లు పోసిన, ఆ బిడ్డకు ఎరుకైంది, ఆ బిడ్డ వచ్చింది. ఇంకెట్లుండాలె?"

"ఆమెను తిట్టకు లాల్‌సింగ్. ఆమె ఎవరినీ మోసం చెయ్యలేదు."

"తిట్టుడు కాదు మేడమ్. తండాల వాళ్లకు నేనేమని చెప్పాలె? మీ విత్తనం మాడింది మా అమ్మ దోసెడు నీళ్లకు అని చెప్పాల్నా? నన్ను బతకనిస్తరా?"

"నా పేరు చెప్పు. హైదరాబాద్ ఆవిడ తప్పు చెప్పిందని చెప్పు. మాది ఎర్రుపాలెం. మా నాన్న చెంచురామయ్య కూడా నా మాట నమ్మి పొడిదుక్కిలోనే వేశాడు."

"ఆయన విత్తనం గూడ మాడిందా?"

"లేదు. ఆయనకు బోరుంది. అట్లా చూడకు లాల్‌సింగ్."

"నేనేం అనలే మేడమ్. సరే, గది పోనియ్యుండ్రి. మా యాడి నీళ్లు తీసేసి మల్ల లెక్క చెయ్యుండ్రి. అప్పుడేం వస్తది?"

"చేశాను. ఈ గేజిలో ఏదో తేడా ఉందని అనుమానం వచ్చిన రోజే, దీన్ని పక్కన పెట్టి చేశాను."

"చెప్పుండ్రి."

"లాల్‌సింగ్..."

"చెప్పుండ్రి మేడమ్. మెల్లగ చెప్పినా గదే, జల్దీ చెప్పినా గదే."

"ఈ కార్తెలో లేదు. వచ్చే కార్తెలోనూ లేదు. ఆ తర్వాత ఒకటీ అరా జల్లులు పడొచ్చు. మొలక లేస్తుందేమో కానీ నిలబడదు. పంట చేతికొచ్చే వాన ఈ ఏడు నా లెక్కలో ఎక్కడా లేదు."

"ఇదన్న ఖాయమేనా?"

"ఇదీ లెక్కే. తప్పు కావాలనే కోరుకుంటున్నాను. కానీ పందెం మీ తిండి మీద వద్దు. చల్లకండి. గుమ్మిలో ఉన్నవి దంచుకుని తినండి. పిల్లలకు పెట్టండి. దసరా దాకా వస్తాయా?"

"పలచగ గటక కాచుకుంటే వస్తయి. దసరా దాటినాక వైరా కాలువ కింద కూలికి పోతం. ఏదన్న దొరుకుతది. దొరక్కపోతే... దొరుకుతది తియ్యి."

"మనుషులు నిలబడాలి ముందు."

"అవ్. మీ నోటెంట గా ఒక్క మాట వచ్చింది చాలు. ఒకందుకు మంచిదే అయింది మేడమ్. మీరు రాకపోతే ఇయ్యాల్నో రేపో ఉన్నయి గూడ చల్లుకునేటోళ్లం. నేను ఉరుకుత. మీరు గీ నీడకు కూసోండ్రి."

"ఏడికిరా?"

"దేవ్లా నాయక్ ఇంటికే యాడీ. చల్లొద్దని చెప్పి వస్త. పాపం, నా మాట కోసం ఎదురుచూస్తుంటడు. గుమ్మి మూత తియ్యనని ఒట్టేసిండు."

"ఉరుకకు. కూసో."

"ఎందుకే?"

"పొద్దుగాలనే తీసిండు."

"ఏంది తీసింది?"

"మూత. గా నగారా ఎందుకు కొడుతుండ్రనుకున్నవ్ మరి? ఇన్నేండ్ల సంది నీళ్లు పోస్తున్న, ఒక్కపాలన్న సర్కారు నా గరాటును అడుగుకుంట మా తండాకు వచ్చిందా? ఇయ్యాల ఈ బిడ్డ జీపు దిగి గరాటు ఏడున్నదని నన్నే అడిగింది. ఆమె కాళ్లు కడిగి, ఉరికి పోయి నాయక్‌కు చెప్పిన, వాన కబురు మనిషి రూపంల వచ్చిందని. గదే మీ మేడమ్ మాట అనుకోని మూత తీసిండు. తండా అంత చేన్లనే ఉన్నరు బేటా. గుమ్మి ఊడ్చి, ఆఖరి గింజ దాక చల్లినంకనే నేను ఈడికి వచ్చిన."