బావ మణికట్టు

ఏమే, చెయ్యి అలా విదిలిస్తున్నావేంటి? తిమ్మిరెక్కిందా? చెయ్యి నలిగేలా పడుకోవద్దంటే వింటావా! ఊరికే అనడం లేదే. మా బావ, అదే, మా అక్క మొగుడు, సెలూన్ నడిపేవాడు, నువ్వు పుట్టకముందే పోయాడులే, అలా పడుకునే చెయ్యి పోగొట్టుకున్నాడు. నిజంగా పోయిందా లేదా అన్నది నాకిప్పటికీ తేలలేదనుకో. ఆ మనిషికి షాపులో నోరు మూతపడదు. ఇంటికొస్తే బండరాయి. కంచం ముందుకు జరిపితే వడ్డించమని, వెనక్కి తోస్తే చాలని. మా అక్క ఎన్నాళ్లని గోడలతో మాట్లాడుతుంది? "ఇక నా వల్ల కాదే, వచ్చి తీసుకుపో" అని కబురు పెడితే వెళ్లాను. పెట్టె సర్దుకుని, ఇంటి తాళంచెవి ఆయన చేతిలో పెట్టి పోదామని షాపుకెళ్లాం. మధ్యాహ్నం బేరాల్లేక ఈయన గడ్డాల కుర్చీలోనే, కుడిచెయ్యి కుర్చీ వీపు మీంచి వెనక్కి వేలాడేసుకుని గుర్రు. లేపితే మనిషి లేచాడు గానీ చెయ్యి లేవలేదు. మణికట్టు దగ్గర్నుంచి వాడిన కాడలా వాలిపోయింది.

పక్షవాతమని గొల్లుమన్నాం. మూతి వంకరపోలేదు. మాట తడబడిందా అంటే, మా అక్కతో మాట్లాడితేగా తెలిసేది! డాక్టరు చూసి, "కుర్చీ అంచుకి నరం నలిగిందమ్మా, నెలలు పట్టినా దానంతటదే వస్తుంది" అన్నాడు. మా అక్క పెట్టె కింద పెట్టి, ఆయన మొహం మీదే, "చెయ్యి వచ్చేదాకా ఉంటాను, వచ్చిన్నాడు పోతాను" అంది. మరి తిండెలా? మణికట్టుని కింద నుంచి ఎవరైనా ఎత్తి పడితే కత్తి నిలిచేది, లేకపోతే జారిపోయేది. ఆ ఎవరో మా అక్కే అయింది. ఒక గడ్డానికి ఇద్దరు మనుషులు! "అమ్మా, గొంతు దగ్గరికొచ్చాక మాత్రం పోట్లాడుకోకండి" అనేవాళ్లు కుర్చీలో కూర్చున్నవాళ్లు. "కాస్త పైకి," "ఇటు తిప్పు," "నీకు చెయ్యి నొప్పెడుతోందా?" పెళ్లయినప్పట్నుంచీ ఆయన అన్ని మాటలు మా అక్కతో ఆడి ఎరగడు. మా అక్క పళ్లు కనపడేలా నవ్వడం నేనక్కడే చూశాను.

ఆ తర్వాతెప్పుడో మళ్లీ షాపుకెళ్తే, ఇద్దరూ ఎవరికో గడ్డం గీస్తున్నారు. ఏడాది దాటిందేమో, దాటలేదేమో. మా అక్క నీళ్లకని అటు తిరిగింది. బావ ముక్కు మీద ఈగ వాలింది. అద్దంలో చూస్తున్నానా, మణికట్టు నిటారుగా లేచింది, వేళ్లు విచ్చుకున్నాయి, ఈగని తోలేశాడు! ఏ చెయ్యి అంటే, అద్దంలో కుడి ఎడమవుతుంది కదే, అక్కడే తికమకపడ్డాను. మనిషి వైపు తిరిగేసరికి కుడిచెయ్యి ఎప్పట్లాగే వేలాడుతోంది. మా అక్కా చెంబు పట్టుకుని అద్దంకేసే నిలబడి ఉంది. చూసిందా? చూస్తే మరి పోవాలిగా, అంతమాట అన్నది! చెంబు పక్కన పెట్టి, వచ్చి, మణికట్టు కింద చెయ్యి పెట్టింది.

"ఇంకా రాలేదు కదూ?" అంది.

"ఇంకా రాలేదు" అన్నాడు.

కుర్చీలో మనిషి గడ్డం పైకెత్తాడు. ఆయన పోయేదాకా అంతే, ఏ గడ్డమైనా ఇద్దరూ కలిసే గీశారు. మరి డాక్టరు వస్తుందన్నాడే? అడిగేద్దామని, ఆయన పోయాక ఒకరోజు మా అక్క పక్కన కూర్చుని నోరు తెరిచాను. గుమ్మంకేసి చూస్తోంది. చెయ్యి, ఇదిగో, ఇలా గాల్లో పెట్టుకుని, కింద నుంచి దేన్నో ఎత్తి పట్టుకున్నట్టు...

ఊఁ. పో, తలుపేసి రా.