డిక్కీల పసుపు చెయ్యి

"అవ్వా, తాత కారు దొరికిందట గదా?"

దొరికింది బిడ్డా. దొరక్కున్నా బాగుండు. కూసో చెప్త.

మీ తాత గా అంబాసిడర్ కొన్నది టాక్సీకే. కామారెడ్డి బస్టాండు నుంచి ఎల్లారెడ్డి దాంక మనుషులను కుక్కి కుక్కి ఏసుకపోయేటోడు. గాంధారి తండాలకెళ్లి నొప్పులు వడే ఆడోళ్లను దవాఖానకు తెచ్చిండు. మేకలను గూడ ఎక్కిచ్చిండు, దాస్తె ఏమొస్తది! కొత్త బండికి పసుపు చెయ్యి ఏస్తరు గదా, ఏస్తనంటే "వానకు వోతదే" అన్నడు. పైకప్పుకు పసుపు రంగు పూస్తుండె పెయింటరు. గా డబ్బల చెయ్యి ముంచి డిక్కీ మూత లోపట సరిసిన. గ్యాస్‌నూనెతోటి తోమినా చేతి రంగు పోలె, చేసిన బీడీలన్ని పసుపే.

కండ్లు కనవడక మీ తాత దాన్ని రామారెడ్డి మెకానిక్‌కు అమ్మిండు. ఆయన మాచారెడ్డిల ఒకనికి ఇచ్చిండు, వాడు టమాటలు మోసిండంట. మోయనీ, పని చేసింది గదా. ఆఖరుకు ఎల్లారెడ్డి తొవ్వల ఫంక్షన్ హాలోనికి చిక్కింది.

నేనేం అడగవోయిన? ముందు సీట్ల కూసోని ఒక్కపారి కామారెడ్డి దాంక పోయొస్త అని, గంతే. మీ తాత ఉన్నన్ని రోజులు నన్ను ముందు కూసోవెట్టలె. గిరాకీ ఉంటది గదా, ఎన్కకు పో అనేటోడు.

గా హాలు మారాజు నవ్విండు. "ఇంజన్ ఎప్పుడో తీసేసినవ్వా, గిది ఫొటోల బండి" అన్నడు. గద్దె కట్టి, టైర్లు సిమెంట్ల పాతి, తెల్లరంగు పూసి, పూలదండ ఏసిండు. బర్రెకు బాసింగం కట్టినట్టు! పెండ్లి పిల్లా పిలగాడు దానికి ఆనుకొని నిలవడుతరంట.

ఇంకా ఇను. వచ్చినోళ్లకు "గడీల దొర కారు" అని చెప్తుండు. ఉమ్మాలెనో నవ్వాలెనో తెల్వలె. డిక్కీ లేపి, "గిది దొరసాని చెయ్యి, అందుకే గీడ రంగు ఎయ్యలె" అంటుండు!

పోయి గా ముద్ర మీద చెయ్యి పెట్టిన. నా చిటికెనవేలు సూడు, బీడీల ఆకు కత్తిరియ్యంగ ఎన్కటనే కొన తెగింది గదా. ముద్రల గూడ గా వేలు పొట్టిదే. అతికినట్టు కూసుంది. "ఏ, ముట్టకవ్వా" అన్నడు. "దొరసానే ముడుతుంది, జర సూడు" అన్న. అందరు నవ్విండ్రు. వాని ముఖం మాడింది.

సరే, తలుపన్న తియ్యి, కూసుంట అన్న. తీసిండు. ముందు సీట్లు లేవు బిడ్డా. పూలకుండీలు వెట్టిండు. అప్పుడు ఏడ్చిన, అబద్ధమెందుకు. వాని మీదనే గాదు... మీ తాత మీద గూడ కోపమొచ్చింది.

నువ్వు గూడ టాక్సీనే తోలుతున్నవ్. సల్లగుండు. గని నీ పెండ్లాన్ని ఒక్కనాడన్న ముందు సీట్ల కూసోవెట్టుకోని తిప్పు కొడకా. గిరాకీ యాడికి వోదు.