కిల్కెన్నీలో మల్లేశ్ కొన్న రైఫిల్

"పాత రైఫిల్ బేరమంటే నన్ను అడుగుర్రి. కిల్కెన్నీల నేను చేసిన బేరం ఐర్లాండుల ఇంకెవ్వడూ చెయ్యలే," అన్నాడు మల్లేశ్, టీ కప్పు గడ్డిలో పెట్టి.

బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా ఇంటి పెరడు. రెండువేల ఇరవై జూలై, ఆదివారం సాయంత్రం. ఐదు కుర్చీలు, కుర్చీకీ కుర్చీకీ మధ్య రెండు మీటర్లు. టేపు పట్టి కొలిచి మరీ వేయించింది మా ఆవిడ సూర్యప్రభ. మార్చి తర్వాత మేం ఒకచోట కూర్చోవడం అదే మొదలు. మేమిద్దరం, మల్లేశ్, అతని భార్య జానకమ్మ, ఆంజనేయప్రసాద్ గారు.

ఆరో కుర్చీ ఉండాల్సింది. ప్రసాద్ గారి భార్య శ్యామలాదేవి ఏప్రిల్‌లో కోవిడ్‌తో పోయింది. దహనానికి పదిమందినే రానిచ్చారు, మేం ఫోన్లో చూశాం. అప్పట్నించి ఆయన 'ఊఁ', 'ఆఁ' తప్ప మాట్లాడడం లేదు. శుక్రవారం మాత్రం మా వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టారు. "నా పాయింట్ టూటూ రైఫిల్ మంగళవారం డీలర్‌కి ఇచ్చేస్తున్నా. మీకు తెలిసినవాళ్ళకి కావాలంటే చెప్పండి." అది శ్యామల కొనిచ్చిన చిన్న తూటాల రైఫిల్. ప్రతి ఆదివారం క్లబ్బుకి వెళ్ళి అట్ట మీద గుండ్రాలకి గురిపెట్టేవారు, ఆవిడ ఫ్లాస్కు పట్టుకుని వెనక కూర్చునేది. ఆ రైఫిల్ కూడా పోతే ఆ మనిషి గడప దాటడానికి ఇంక కారణమే ఉండదు. ఈ మాట చెప్పాలని అందరికీ ఉంది, నోరెవరికీ పెగల్లేదు. గంట నుంచీ వానల గురించి మాట్లాడుకుంటున్నాం.

అప్పుడు అందుకున్నాడు మల్లేశ్. ఆరేళ్ళుగా మా గుంపులో కోతలు కోయడం అతని వంతు, ఎక్కడ కోశాడో వేలు పెట్టి చూపించడం ప్రసాద్ గారి వంతు. ఆయన ఉద్యోగం కూడా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడమే.

"జూన్ ఆఖర్ల, కౌంటీ దాటి పోవచ్చని చెప్పిన్రు గదా, ఆ తెల్లారే కిల్కెన్నీ తొవ్వ పట్టిన," అన్నాడు మల్లేశ్.

"ఆ దినం పొద్దుగూకేదాక పండుకున్నవ్," అంది జానకమ్మ.

"నువ్వు జర ఆగు. ఊరు బయట బ్రెనన్ అని ఒక ముసలి రైతు. లాక్‌డౌన్‌ల ఏం తోచక ఇల్లంత సదురుతుంటే గడ్డివాముల రైఫిల్ దొరికిందట, వాళ్ళ తాతదట, ప్రసాదన్న దాని లెక్కనే పాయింట్ టూటూ. రెండొందల యూరోలన్నడు. నేనేం మాట్లాడలే. కారుల కెళ్ళి మా జానకి పెట్టిన మామిడికాయ తొక్కు సీసా తీసి మూత తిప్పిన. అంతే. వాసనకే నూట యాబైకి దిగిండు. ఒక్క ముక్క నోట్ల పెట్టిన, వందకు దిగిండు. ముక్కుల నీళ్ళు, కండ్లల్ల నీళ్ళు, 'గ్రాండ్, గ్రాండ్' అనుకుంట ఏడుస్తున్నడు. ఇగ సీసా మొత్తం చేతుల పెట్టేసరికి, 'నాయనా, రైఫిల్ ఊకెనే తీస్కపో, ఆవును గూడ తీస్కపో' అన్నడు. ఆవును నేనే వద్దన్న. మన ఇండ్లకాడ కట్టెయ్య జాగ లేదు."

"మరి లైసెన్సో?" అన్నాను నేను. "ఇక్కడ ఏ రైఫిల్‌కి దానికే విడిగా లైసెన్సు. పోలీసులు, అదే గార్డ్స్, చూడాలి, ఫ్యామిలీ డాక్టరు జీపీ పేరివ్వాలి..."

"ఆడికే వస్తున్న గోపాలన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రైఫిల్ లేపిన. సరిగ్గ ముప్పై కిలోల బరువు!"

ప్రసాద్ గారు తలెత్తారు.

"తూటా చూద్దును గదా, బెండకాయంత పొడుగున్నది."

ప్రసాద్ గారి చేతిలో కప్పు నోటి దాకా వెళ్ళి ఆగింది. మల్లేశ్ అటు చూడనట్టే ఉన్నాడు. కానీ చూశాడు, నాకు తెలుసు.

"క్యాబేజీ మడిల ఒక కుందేలు మేస్తున్నది. 'కొట్టి చూస్కో' అన్నడు బ్రెనన్. పాపం, ప్రాణం తియ్యుడెందుకని మీసం మీద గురిపెట్టిన. ఎడమ దిక్కు మీసం, పై నుంచి మూడో వెంట్రుక. కొట్టిన. వెంట్రుక తెగింది. గుండు ఆగుతదా? రాతిగోడకు తాకి మళ్ళింది, మూడు మైళ్ళ అవుతల చర్చి గంటకు తాకింది. ఠంగ్! ఆ సప్పుడుకు ఊరోళ్ళందరు లాక్‌డౌన్ మొత్తం ఎత్తేసిన్రనుకొని బయటికి ఉరికొచ్చిన్రు. అక్కలు, చెల్లెండ్లు, ముసలోళ్ళు, ఒకళ్ళనొకళ్ళు పట్టుకొని ఏడుస్తున్నరు. మూడు నెల్లాయె గదా ముట్టుకోక..."

మల్లేశ్ వంగి గడ్డిలోంచి కప్పు తీసుకున్నాడు. ఒక గుక్క తాగి, మళ్ళీ అందుకున్నాడు.

"ఇంతల గార్డ్స్ దిగిన్రు. ఎవడు కొట్టింది అన్నరు. నేనే అన్న. సార్జెంటు టోపీ తీసిండు. కారు బానెట్ మీద కాయితం పెట్టి ఆడికాడ లైసెన్సు రాసిచ్చిండు. మన జీపీకి ఫోన్ కలిపితే మొదటి రింగుకే ఎత్తి, 'ఈయన చెయ్యి వణకదు, నాది పూచీ' అన్నడు."

"జీపీ మొదటి రింగుకే ఎత్తాడా?" అంది సూర్యప్రభ. "ఈ రోజుల్లో? మీసం తెగిందన్నా నమ్ముతాను గానీ, ఇది మాత్రం నమ్మను మల్లేశ్."

నవ్వాం. ప్రసాద్ గారు నవ్వలేదు గానీ కుర్చీలో అటూ ఇటూ కదిలారు, ముల్లు గుచ్చుకున్నట్టు.

"నమ్మకుంటె మానుర్రి. అసలు సంగతి ఇంక చెప్పనే లేదు. ముసలాయన దగ్గర ఉన్నది ఒక్కటే తూటా. ఒక్కదాంతోని ఏం జేస్తం? ఖాళీ షెల్లు ఏరుకొని ఇంటికి తెచ్చిన. కిచెన్ అల్మారల జానకి కారప్పొడి డబ్బా ఉన్నది. దాన్ని షెల్లుల కూరి, పైన ఇంత మైనం పెట్టి మళ్ళ కొట్టిన. మళ్ళ ఏరిన, మళ్ళ నింపిన. అదే షెల్లుతోని ఇప్పటికి ఎనబై సార్లు..."

"నింపలేవు."

ఎవరన్నారో అర్థం కావడానికి మాకు క్షణం పట్టింది. ప్రసాద్ గారి గొంతు తుప్పు పట్టినట్టుంది.

"రిమ్‌ఫైర్ తూటాని మళ్ళీ నింపలేవయ్యా!" అన్నారాయన, కప్పు కింద పెట్టి. "కారం కాదు, మందైనా సరే. నిప్పంటించే మందు షెల్లు అంచులోనే ఉంటుంది. సూది వచ్చి ఆ అంచు మీదే కొడుతుంది, అంచు నలిగిపోతుంది. ఒకసారి పేలాక అది దేనికీ పనికిరాదు. ఎనభై సార్లట! ముప్పై కిలోలేంటి, మూడు కిలోలుంటే ఎక్కువ. తూటా నీ చిటికెనవేలి చివరి కణుపంత. బెండకాయట, బెండకాయ!"

"కిల్కెన్నీ తూటాలు వేరే ఉంటయేమో అన్నా."

"కిల్కెన్నీ కాదు, కాశీ వెళ్ళినా అంతే! అసలు పాత రైఫిల్ కొనేవాడు గడ్డివాములో వెతుకుతాడటయ్యా? బోల్టు తీసేసి గొట్టాన్ని వెలుతురుకి పట్టి చూడాలి. లోపల తుప్పుందా, మూతి దగ్గర దెబ్బ తగిలిందా, నంబరు కాయితంలో ఉన్నదేనా. కొన్న రోజున నేను ముప్పావు గంట చూశాను, పక్కన శ్యామల..."

ఆగిపోయారు.

"చెప్పన్నా," అన్నాడు మల్లేశ్ మెల్లగా. "వదినె ఏం జేసింది?"

"దానికి రైఫిళ్ళ సంగతి ఏం తెలుసయ్యా? ఏమీ తెలీదు. నేను గొట్టంలో కన్ను పెట్టి చూస్తుంటే, అది డీలర్‌తో వంకాయల బేరం మొదలుపెట్టింది. చెక్క మీద గీత ఉందిగా, తగ్గించు అని. వాడు చూశాడు, నిజమే, గీత ఉంది. వాడికీ ఆశ్చర్యమే, పొద్దున లేదే అన్నాడు. ఇరవై తగ్గించాడు. ఇంటికొచ్చి ఆ గీత తుడుస్తుంటే అప్పుడు చూసుకుంది. అది తన గాజు తగిలి పడిన గీతే!"

ఆయన నవ్వారు. మూడు నెలల తర్వాత నవ్వు కదా, సగంలోనే ఏడుపైపోయింది.

"ఇప్పటికీ ఉందయ్యా ఆ గీత. సరిగ్గా బుగ్గ ఆనించే చోట."

మల్లేశ్ లేచి నాలుగడుగులు వేశాడు. రెండు మీటర్ల దగ్గర ఆగాడు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు. మాలో ఎవరికీ అంతకంటే దగ్గరికి వెళ్ళే దారి లేదు. నాకు చాలా బాధేసింది. అయినా ఆ పెరట్లో మూడు నెలలుగా లేనిదేదో తిరిగి వచ్చినట్టు కూడా అనిపించింది.

"అన్నా, అయితే అది నాకు అమ్ము," అన్నాడు మల్లేశ్ చివరికి. "డీలర్ కంటే పది ఎక్కువిస్త. పైన ఒక తొక్కు సీసా."

"నీకా?" ప్రసాద్ గారు మోచేత్తో కళ్ళు తుడుచుకున్నారు. "ముప్పై కిలోలనేవాడి చేతికి నా రైఫిల్ ఇస్తానా? నీకూ ఇవ్వను, డీలర్‌కీ ఇవ్వను, పో. వచ్చే ఆదివారం క్లబ్బుకి రా. ముట్టుకోకుండా వెనక నిలబడి చూడు. కనీసం తూటా ఎంతుంటుందో తెలుస్తుంది."

కప్పులు తీస్తూ జానకమ్మ నా పక్కన ఆగింది. "శుక్రారం నుంచి ఫోన్ల రైఫిళ్ళ గురించే చదివిండు అన్నా," అంది, మాస్కు వెనక నుంచి. "మొత్తం నేర్చుకున్నడు. ఏది తప్పు చెప్తే ప్రసాదన్న ఊకోడో కాయితం మీద రాసుకొని మరీ వచ్చిండు."

ప్రసాద్ గారు గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "ఇంతకీ మల్లేశ్, ఆ కుందేలు ఏమైంది?"

మల్లేశ్ జానకమ్మ వైపు చూశాడు.

"దానికేమైతది అన్నా?" అంది జానకమ్మ. "ఈయన పట్టిన కుందేలాయె, మూడే కాళ్ళు. ఆ మూటితోనే మంచిగ తిరుగుతుంది."

"నాలుగోది నేను చూపిస్తాలే," అన్నారు ప్రసాద్ గారు, గేటు వేస్తూ. "ఆదివారం."