పూడ్చిన చెక్క

రంపపు మిల్లు వెనక కట్టిన కొత్త ఇంట్లో, కడిగిన గచ్చు పగుళ్లలోంచి బుడగలు లేవడం చూసి మామగారు ఆగిపోయారు.

“అల్లుడుగారూ, ఇల్లు కట్టకముందు ఇక్కడున్న గొయ్యి దేనితో పూడ్చారు?”

“మిల్లు పొట్టు, విరిగిన తలుపులు, మామయ్యగారూ. కాలిస్తే కార్బనంతా గాల్లో కలుస్తుందిగా. పూడిస్తే నేలలోనే పడుంటుందని.”

“తలుపుగా నిలిచినన్నాళ్లూ భద్రంగానే ఉంటుంది నాయనా. గాలాడని తడిలో పాతిపెడితే కుళ్లి మీథేన్ పుడుతుంది. భూమిని ఇంకా వేడెక్కిస్తుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. కొంగున నిప్పు కట్టుకుని కాపురం పెట్టారు!”

“మీరు గోరంతను కొండంత చేస్తారు. వాసనైనా లేదే!”

“దానికి వాసనుండదు. అమ్మాయేదీ?”

“వంటింట్లో. గాలికి పొయ్యి ఆరిపోతుందని తలుపులన్నీ మూసుకుని, మీకు టీ పెట్టబోతోంది.”

“అమ్మాయీ! వెలిగించకు!”

“ఏంటి నాన్నగారూ, వినపడలేదు?”

ఆ మాట వెంటే అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది.